కింద మాస్టారి పేరు

మా ఆయన అబద్ధమాడరు. ముప్ఫై మూడేళ్ళు కాపురం చేసినదాన్ని, ఈ మాట నేను చెబితే నమ్మాలి. కూర బాగోకపోతే బాగోలేదనే అంటారు. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడిగితే, "రంగు నీకు కొంచెం ముదురయ్యింది హన్నా" అని ఉన్నమాటే చెబుతారు. అలాంటి మనిషి చేతికి సెల్‌ఫోను వచ్చి ఏం చేసిందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నవ్వు కూడా వస్తుంది గానీ ముందు ఒళ్ళు మండుతుంది.

ఆయన పేరు వరప్రసాదం. ఆ పేరు చెబితే ముక్తేశ్వరంలో సగంమందికి తెలియదు. సైన్సు మాస్టారంటే మాత్రం గోదావరి దాటించే పంటు సరంగు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ముప్ఫై అయిదేళ్ళు ఒకే బడిలో చెప్పారు. తండ్రికి చెప్పారు, మళ్ళీ కొడుక్కి చెప్పారు. మాకు పిల్లలు లేరు. ఆ లోటు నాకు అప్పుడప్పుడూ తెలిసింది కానీ, ఆయనకి తెలిసిందనుకోను. రోడ్డు మీద ఎవరు కనబడినా "ఏరా, పాఠం చదివేవా?" అన్నట్టే చూస్తారు. వాళ్ళు నలభై ఏళ్ళ సంసారులైనా సరే, సైకిలు దిగి నడిపించుకుంటూ వెళతారు.

రెండువేల ఎనిమిదిలో ఆయన రిటైరైనప్పుడు పాత విద్యార్థులు చందాలు వేసుకుని శాలువా కప్పి, సెల్‌ఫోను చేతిలో పెట్టారు. అది ఇచ్చినవాళ్ళు ఊరుకున్నారా? తలా ఒకరూ తమ నంబరు అందులో ఎక్కించి మరీ ఇచ్చారు. నూట నలభై నంబర్లు. ఆపైన నెలకి ఇన్నని మెసేజీలు ఉచితంగా పంపుకోవచ్చని షాపువాడు ఏదో కార్డు వేశాడు. వృథా చెయ్యడం మా ఆయనకి చేతకాదు. నెలాఖరుకి సిలబస్ పూర్తి చేసినట్టు, ఆ ఉచితం మెసేజీలన్నీ పూర్తి చేసేవారు. పొద్దున్నే నీళ్ళు కాచి తాగమని, గోళ్ళు కత్తిరించుకోమని, చీకట్లో చదివితే కళ్ళు పోతాయని. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒక్క వేలితో కొట్టడం, ఒక్కొక్కదానికి అరగంట. వంటింట్లో ఉన్న నాకు వరండాలోంచి కూడా ఒకటి పంపేవారు. ప్రతి మెసేజీ కింద, బడి సర్టిఫికెట్ మీద పెట్టినట్టు, "ఇట్లు, వరప్రసాదం, సైన్సు మాస్టారు" అని ఉండేది.

ఊళ్ళో వాళ్ళకి అదొక ముచ్చట. "మాస్టారి మెసేజి వచ్చిందండి" అనుకుంటే రోజు మొదలైనట్టు. నాకూ ముచ్చటగానే ఉండేది. రిటైరైన మొగవాడు ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరక్కుండా ఒకచోట కూచున్నాడు, అంతకన్నా ఏం కావాలి?

మరుసటేడు మార్చిలో, ఎండలు ముదురుతుండగా, ఆ పాడు మెసేజి వచ్చింది. "కొబ్బరి బొండాలతో జాగ్రత్త. నల్లి తెగులుకి చెట్టు వేరుకి కట్టే పురుగుమందు నీళ్ళలోకి దిగుతోంది. ఈ నీళ్ళు తాగితే కామెర్లు వచ్చి లివరు పాడై మనిషి పోతాడు. శాస్త్రవేత్తలు తేల్చేశారు. పదిమందికి పంపండి, ప్రాణాలు కాపాడండి." పంపినాయన రాజోల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన సాలమోను గారు.

బడిలో ఉండగా మా ఆయన నిమ్మరసం పుల్లగా ఉంటుందని కూడా లిట్మస్ కాగితం ముంచి చూపించకుండా చెప్పేవారు కాదు. ఆ మనిషి ఈ మెసేజిలో ఏం చూశారనుకున్నారు? రెండు స్పెల్లింగు తప్పులు. అవి దిద్ది, చివర ఫుల్‌స్టాపు పెట్టి, కింద తన పేరు పెట్టి, పదిమందికన్నది నూట నలభైమందికీ పంపేశారు.

నాకూ వచ్చింది. నేను నర్సుగా ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. కామెర్ల మనుషుల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. నల్లి మందు సంగతి కొబ్బరిచేల మధ్య బతికే ఎవరికైనా తెలుసు. చెట్టు మొదట్లో ఒక వేరు కోసి, మందు పోసిన చిన్న సంచీ దానికి కడతారు. కట్టాక నెలన్నరదాకా ఆ చెట్టు కాయ దించరు. అంతే సంగతి. గరిటె పట్టుకునే వరండాలోకి వచ్చాను.

"ఏవండీ, ఇదేంటండీ? మందు కట్టిన చెట్టుకి ఎవరు దింపు తీస్తారు?"

"సాలమోను గారు పంపేరు హన్నా."

"ఆయన చూసేరా?"

"చూడకుండా పంపుతారా? ఫిజిక్సు మనిషి."

నేను నోరు తెరిచాను. అప్పుడే గేటు దగ్గర సూర్యారావు గారి గొంతు వినబడింది. ఆరెకరాల కొబ్బరితోట ఆయనది. ఇద్దరు కొడుకులూ మా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

"మాస్టారూ, మెసేజి అందిందండి."

"జాగ్రత్తగా ఉండాలి సూర్యారావు గారూ. ఇంట్లో కూడా చెప్పండి."

"మీరు చెప్పేక ఇంకేముందండి."

ఆరెకరాల కొబ్బరి రైతు, కొబ్బరినీళ్ళు విషమంటే తల ఊపుతున్నాడు. ఆ మాట అనడానికి నాకు నాలిక చివరిదాకా వచ్చింది. పరాయి మనిషి ముందు మొగుడి మాట తీసేస్తే ఏం బాగుంటుందని మింగేశాను. కూర మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయాను. కూర మాడలేదు.

ఇప్పుడు రాజ్యం గురించి చెప్పాలి. మా వరండాలో కూచుంటే ఎదురుగా రేవుకి వెళ్ళే రోడ్డు, ఆ రోడ్డు మొగలో రాజ్యం బొండాల బల్ల. కోటిపల్లి నుంచి పంటు దిగినవాళ్ళు, ఎక్కబోయేవాళ్ళు అందరూ దాని ముందునుంచే పోవాలి. ఆవిడ మొగుడు ఆదినారాయణ దింపు తీసేవాడు. ఉదయం చెట్లెక్కి దించి తెచ్చేవాడు, ఈవిడ కొట్టి అమ్మేది. మూడేళ్ళ కిందట అతను పచ్చకామెర్లతో పోయాడు. అప్పట్నుంచి వేరేవాళ్ళ చేత దింపించుకుని, ఆ బల్ల మీదే అత్తగారినీ కూతురు శ్రీవాణినీ పోషించుకుంటోంది. మనిషి పొట్టి, కత్తి విసురు చూస్తే భయమేస్తుంది, మాట మాత్రం తేనె. మా ఆయన దగ్గర ఏడో తరగతి దాకా చదివింది. ఆయన దగ్గర ఎప్పుడూ డబ్బు తీసుకోదు. ఎంత చెప్పినా, "గురువుగారి దగ్గరా అండీ?" అంటుంది.

మెసేజి వెళ్ళిన మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గర మనిషి లేడు. సైకిళ్ళు ఆగేవి కావు. మా ఊరివాళ్ళు బల్ల దగ్గరికి వచ్చేసరికి తల అటు తిప్పుకుని మా వరండా వైపు చూసి ఒక నమస్కారం పెట్టి పోయేవారు. మా ఆయన సంతోషించారు, మాట వింటున్నారని. నాకు మాత్రం రాజ్యం కేసి చూడాలంటే మొహం చెల్లేది కాదు.

నేనేం చేశానని అడగండి. నేనూ మానేశాను. నిజం తెలిసిన నర్సుని, రోజూ పదిగంటలకి ఒక బొండం తాగే అలవాటున్నదాన్ని, ఆ వారం మజ్జిగ తాగాను.

పదిరోజుల తరవాత బ్యాంకు పని మీద ఐనవిల్లి వెళ్ళాను. గుడి దగ్గర బొండాల బండి చుట్టూ గుంపు. గుంపులో తల పైకెత్తి గటగటా తాగుతున్నాయన ఎవరు? మన సూర్యారావు గారు. పక్కన ఇంకో ముగ్గురు, ముగ్గురూ మా వీధివాళ్ళే. నన్ను చూసి బొండం వెనక్కి పెట్టుకున్నారు. నీళ్ళు పంచె మీద ఒలికాయి.

"సూర్యారావు గారూ, విషం తాగుతున్నారేంటండీ?" అన్నాను.

"అబ్బే... అంటే అమ్మగారూ..." అని నసిగారు. "కొబ్బరిచేలో పుట్టి పెరిగిన ఒళ్ళండి ఇది. నాకు తెలీదేటండి?"

"తెలిస్తే రాజ్యం దగ్గర తాగొచ్చుగా? ఇంత దూరం ఎందుకు?"

"మాస్టారు వరండాలోంచి చూస్తుంటారు కదండీ. ఆయన కళ్ళెదురుగా తాగితే ఆయన మాట తీసేసినట్టు కాదేటండి? పెద్దాయన, మా పిల్లలకి చదువు చెప్పిన మనిషి. నొచ్చుకుంటారండి."

మిగతా ముగ్గురూ ఆయ్, ఆయ్ అని తలలూపారు. అంటే నమ్మినవాడు ఒక్కడూ లేడు! ఊరంతా నమ్మినట్టు మర్యాద చేస్తోంది. నేను అక్కడే గుడి మెట్ల పక్కన నిలబడి నవ్వాను, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా. తరవాత ఆటోలో తిరిగొస్తుంటే నవ్వు పోయింది. ఈ మర్యాదకి రాజ్యం ఏమైపోతుందా అనిపించింది.

మావాళ్ళ మర్యాద మావాళ్ళతో ఆగలేదు. పంటు దిగిన పై ఊళ్ళవాళ్ళు దాహమేసి బల్ల దగ్గర ఆగితే, పక్కనున్నవాళ్ళు పాపం మంచి మాటే చెప్పేవారు, "మా మాస్టారు వద్దన్నారండి" అని. పైవాళ్ళకి మర్యాదతో పనిలేదు కదా. ఊరు ఊరంతా తాగడం మానేసిందంటే ఏదో ఉందని వాళ్ళు నిజంగానే నమ్మేవారు. ఆ నమ్మకం పంటెక్కి కోటిపల్లి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎటెటు తిరిగిందో, ఒకనాడు కాకినాడ నుంచి మా చెల్లెలి కూతురు అక్షయ ఫోను చేసింది. అది అక్కడ కంప్యూటర్లు చదువుతోంది.

"పెద్దమ్మా, పెదనాన్న ఆర్కుట్‌లోకి ఎక్కేసేరు!"

"అదెక్కడే?"

కంప్యూటర్లో కుర్రకారు గుంపులు కట్టి కబుర్లు చెప్పుకునే చోటట. అందులో మా కోనసీమవాళ్ళ గుంపు ఒకటి ఉందట, వేలమంది ఉన్నారట. అక్షయ చదివి వినిపించింది. ముక్తేశ్వరంలో ఒక సైన్సు మాస్టారు కొబ్బరినీళ్ళని స్వయంగా పరీక్ష చేసి విషం ఉందని తేల్చారట. రేవులో ఇద్దరు తాగి పడిపోయారట. దాని కింద ఎవరెవరో అవునంటే అవునని, మా ఊళ్ళోనూ అంతేనని రాసుకుంటూ పోయారు. మాస్టారి దగ్గర తామూ చదువుకున్నామని, ఆయన చెప్పారంటే తిరుగులేదని రాసినవాళ్ళు పదకొండుమంది.

నేను ఫోను ఆయనకిచ్చాను. మొత్తం విన్నారు. విని, అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేను పరీక్ష చెయ్యలేదే" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. సాలమోను గారికి ఫోను చేశారు. సాలమోను గారు, "నాకు కొత్తపేట నుంచి సత్యానందం పంపేడండి, మీకు బొటనీ మీద పట్టుంది కదా, మీరే చూసుకుంటారని పంపేను" అన్నారు. సత్యానందం తన వియ్యంకుడు పంపాడన్నాడు. వియ్యంకుడు అమలాపురంలో తోటి ఉద్యోగి పేతురు పేరు చెప్పాడు. పేతురు ఒక నంబరు ఇచ్చి, అది ఎవరిదో తనకీ తెలియదన్నాడు. ఆ నంబరుకి మా ఆయన సాయంత్రందాకా చేస్తూనే ఉన్నారు. స్విచాఫ్.

"హన్నా, ఒక్కళ్ళూ చూళ్ళేదు. పంపినవాడు చూసుంటాడని నేను, అందుకున్నవాడు చూస్తాడని ఆయన" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన మొహం చూసి నాకు తిట్టబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే అందరికీ ఇంకో మెసేజి పెట్టారు. "బొండాల గురించి నేను పంపినదానికి ఆధారం లేదు. పరిశీలించకుండా పంపాను. క్షమించండి. నిర్భయంగా తాగండి. ఇట్లు, వరప్రసాదం, సైన్సు మాస్టారు." ఇంక బల్ల దగ్గర జనం కిటకిటలాడతారని వరండాలో కుర్చీ వేసుకుని కూచున్నారు. ఎవరూ రాలేదు. జవాబులు మాత్రం వచ్చాయి. మీ పెద్దమనసుకి దండాలు మాస్టారూ అని ఒకడు. పేదరాలి పొట్ట కొట్టకూడదని నింద మీ మీద వేసుకున్నారు, మీరు దేవుడండీ అని ఇంకొకడు.

ఆదివారం మా ప్రార్థన గుడిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డారు. మా గుళ్ళో సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో పరీక్ష పాసయ్యామనో చెప్పుకుని దేవుడికి వందనాలు చెప్పుకోవడం. ఆయన తను తప్పు చెప్పానని, ఊరిని తప్పుదారి పట్టించానని చెప్పారు. వెనక బెంచీల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు ఆ వారం ప్రసంగం మానేసి, మాస్టారి వినయం గురించే ముప్పావుగంట మాట్లాడారు. బయటికొచ్చాక సూర్యారావు గారికి కూడా కబురందినట్టుంది, ఎదురొచ్చి మా ఆయన చేతులు పట్టుకున్నారు.

"రాజ్యం మీద జాలితో మీరలా అంటున్నారని మాకు తెలీదేటండి? మీరు తప్పు చెబుతారేటండి ఎప్పుడైనా?"

ఐనవిల్లిలో రెండేసి బొండాలు తాగే మనిషి! మా ఆయన నా వైపు చూశారు. తప్పు చెబితే మర్యాదకి ఒప్పుకున్నారు, తప్పని చెబితే మర్యాదకి ఒప్పుకోవడం లేదు. ఆయన గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. బల్ల దగ్గర ఈగలు కూడా లేవు.

ఆ సోమవారం రాజ్యం రేవుకి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. బల్ల మీద గోనెపట్టా కప్పి ఉంది.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి తనే మా ఇంటికి వచ్చింది. గేటు దగ్గరే చెప్పులు విడిచింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. మనిషి సగమైపోయింది. వ్యాపారం పోయి చిక్కిపోయిందనుకున్నాను. తిట్టడానికి వచ్చిందేమో, తిడితే బాగుణ్ణు అని కూడా అనుకున్నాను.

"కూచో రాజ్యం" అన్నారు మా ఆయన.

"పర్లేదండి. ఒక్క మాట అడిగి పోదారని వచ్చేనండి." చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. "మాస్టారండి, ఆ మందు నీళ్ళలోకి దిగితే మనిషి ఎన్నాళ్ళకి పోతాడండి?"

"అదేం ప్రశ్న?"

"శ్రీవాణి వాళ్ళ నాన్నకి కామెర్లొచ్చినప్పుడు అన్నం దిగేది కాదండి. రోజుకి నాలుగు బొండాలు నేనే కొట్టి, నేనే పట్టించేదాన్నండి. నలభై రోజులు పట్టించేనండి. లివరు పోయిందన్నారండి ఆసుపత్రిలో. మెసేజిలో కూడా లివరనే ఉందటండి. పంటు దిగినాయనెవరో ఫోను చూపించేడండి, కింద మీ పేరుంటే నేనే చదువుకున్నానండి." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "నేనే చంపుకున్నానాండి ఆయన్ని?"

ఊరంతా నమ్మినట్టు నటించింది. నిజంగా నమ్మింది ఈ ఒక్కర్తే. బేరం పోయినందుకు కాదు మనిషి చిక్కిపోయింది. మూడు వారాలుగా ఈ మాట గుండెలో పెట్టుకుని, ఎవరినీ అడగలేక, ఖాళీ బల్ల వెనక కూచుంది.

నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "రాజ్యం, అతనికి బొండాలు పట్టించమని చెప్పింది ఎవరు? నేను కదా? నర్సుని, నేను చెబుతున్నాను విను. అతనికి కామెర్లు ముదిరేక తెచ్చేరు. నువ్వు పట్టించిన నీళ్ళే అతనికి నలభై రోజులు కాస్త ఓపికనిచ్చేయి. ఆ మెసేజి ఒట్టి అబద్ధం."

"మీరు నన్ను ఓదారుస్తున్నారండి అమ్మగారూ." మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. "మాస్టారు కూడా నా మీద జాలితో వేరే మెసేజి పెట్టేరటండి. ఊళ్ళో అంతా అనుకుంటున్నారండి. మీ రుణం తీర్చుకోలేనండి. కానీ నాకు నిజం కావాలండి."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచారు. ఫోను తీసి ఆవిడకి చూపించారు.

"ఇది నేను రాసింది కాదు రాజ్యం. సాలమోను గారు పంపేరు. ఆయనకి ఇంకొకరు, ఆయనకి ఇంకొకరు. చివరివాడెవడో ఎవరికీ తెలీదు. ఆదినారాయణ మందు కట్టిన చెట్టు నుంచి ఎప్పుడైనా కాయ దించేడా?"

"లేదండి. మందు కట్టిన చెట్టుకి సుద్దతో గీత గీసేవోడండి. నెలన్నరదాకా ఎవరడిగినా దాన్ని ఎక్కేవోడు కాదండి."

"ఆ సంగతి నేను అడగలేదు. ఎవరినీ అడగలేదు. ఒక కాయ కొట్టి చూళ్ళేదు, ఒక పుస్తకం తిరగెయ్యలేదు. స్పెల్లింగు దిద్దేను. కింద నా పేరు పెట్టేను. జాలితో అనడం లేదు రాజ్యం. నాకు సిగ్గుగా ఉంది."

రాజ్యం ఫోను కేసి చూసింది. తరవాత ఆయన మొహం కేసి చూసింది, చాలాసేపు.

"చూళ్ళేదా మీరు?"

"లేదు."

"చూడకుండా పేరెట్టేసేరా?"

"పెట్టేసేను."

"మూడు వారాలు మాస్టారూ!" గొంతు వీధిలోకి వినబడేలా లేచింది. "మూడు వారాలు నేను ఆయన ఫోటో కేసి చూళ్ళేదు. నా చేత్తో చంపుకున్న మనిషికి నా చేత్తో దండేంటని దండ తీసేసేను. పిల్ల అడిగితే కసిరేను. ఆయన గీత గీసేడంటే దేవుడొచ్చి అడిగినా ఆ చెట్టెక్కడు, నాకు తెలుసు, నా కళ్ళతో చూసేను. అయినా మీ పేరు కనబడేసరికి నా కళ్ళే తప్పనుకున్నాను. ఆయనే తప్పు చేసేడనుకున్నాను. మీరేమో స్పెల్లింగు దిద్దేరా?"

ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. రోడ్డు మీద సైకిలు నడిపించుకుంటూ పోతున్న సూర్యారావు గారు ఆగిపోయారు. మాస్టారితో 'అండి' లేకుండా మాట్లాడినవాళ్ళని మా ఊరు చూడలేదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆవిడకి కోపమొచ్చిందంటే నమ్మిందన్నమాట.

"రేపు మొదటి పంటుకి రేవులో ఉండాలి మీరు" అంది రాజ్యం, ఏడుస్తూనే. "నా బల్ల పక్కన నిలబడాలి. దిగిన ప్రతివాడికీ చెప్పాలి, చూడకుండా చెప్పేనని. జాలితో అంటున్నారని ఎవడన్నా అంటే మళ్ళీ చెప్పాలి. నేను చాలనేదాకా చెప్పాలి."

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆయ్. వస్తానండి" అన్నారు.

రాజ్యం చెంగుతో మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సూర్యారావు గారు సైకిలెక్కి పోవడం కూడా మరిచిపోయి అలాగే చూస్తున్నారు. మా ఆయన నా వైపు తిరిగి మొదటి పంటు ఎన్నింటికని అడిగారు.

ఆరింటికని చెప్పాను. నేనూ వస్తానన్నాను. నువ్వెందుకన్నారు. ఆయన తెలియక చెప్పారు. తెలిసి నోరు మూసుకున్నదాన్ని నేను.